ఖుర్షీద్ అగా ఇంటి లెక్క

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, ఒకసారి ఆ పాత దస్తావేజుల భవనానికి వెళ్ళి మా తాతలు ఎక్కడుండేవాళ్ళో చూసిరా," అన్నాడు షౌకత్.

ఆ మాట అన్నప్పుడు ఇన్షిరాహ్ వంటగదిలో నేల మీద కూర్చుని మొలొఖియా ఆకు తరుగుతోంది. రెండు పిడులున్న వంపు కత్తిని అటూ ఇటూ ఊపుతూ జిగురు తేలేదాకా తరగాలి, లేకపోతే పులుసు నీళ్ళు నీళ్ళుగా ఉందని కంచం పక్కకు నెడతాడాయన. పొయ్యి మీద కుందేలు మాంసం ఉడుకుతోంది. పక్క గదిలో అత్తగారు హగ్గా దౌలత్ మంచం కోడును చేతికర్రతో కొడుతోంది. ఆవిడకు పక్క మార్చాలి, లేదా మంచినీళ్ళు కావాలి, లేదా ఊరికే ఎవరైనా రావాలి. బాల్కనీలో ఉతికిన దుప్పట్లు ఆరేయకుండా కుప్పగా పడున్నాయి. జూన్ ఎండకు కైరో అంతా పెనంలా కాలుతోంది. ఖాళీగా. ఇరవై నాలుగేళ్ళుగా ఈ మాటను ఆమె ఎన్ని నోళ్ళలో విన్నదో. ఎవరికి జ్వరం వచ్చినా రాత్రి మేలుకుని కూర్చోవలసింది ఆమే, ఎందుకంటే ఆమె ఖాళీ. మరిది పిల్లల చదువులు, ఆడపడుచు పురుళ్ళు, రంజాన్ నెలలో ఇంటిల్లిపాదికీ వంట, చుట్టాల చావులకు కాఫీ కాచి పొయ్యడం, అన్నీ ఖాళీగా ఉన్న మనిషి పనులు.

"దేనికండీ ఇప్పుడు?" అంది తల ఎత్తకుండా.

"దేనికేమిటి? ఆ షహీరా హానిమ్ ఇంట్లో గోడ మీద చూశావుగా, బంగారు చట్రంలో వంశవృక్షం. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ముత్తాత దగ్గర మొదలుపెట్టి మొన్న పుట్టినవాడిదాకా. సంబంధం ఖాయం చేసి ఫాతిహా చదివే రోజుకు మన గోడ మీదా ఒకటుండాలి. మనం మాత్రం తక్కువా? ఖుర్షీద్ అగా పాషాగారి కొలువులో అధికారి." గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "నీ కూతురికి ఆ రంగు ఎలాగూ నువ్వే ఇచ్చావు. వంశమైనా వెతికిపెట్టు."

వాళ్ళమ్మాయి నిహాల్‌కు సంబంధం కుదిరింది. కుర్రాడు హైసమ్ మంచివాడే. వాడి తల్లి షహీరా హానిమే కళ్ళద్దాలు పైకెత్తి పిల్లను నఖశిఖ పర్యంతం చూసింది. నిహాల్ చామనఛాయ కూడా కాదు, నలుపు. కాఫీ గింజ నలుపు, మెరిసే నలుపు. పుట్టిన రోజున ఆస్పత్రిలో దుప్పటి మడత తీసి చూసి హగ్గా దౌలత్ అన్న మాట నర్సులు కూడా మర్చిపోయి ఉండరు: "సయీద్ ఎండంతా తెచ్చి మా ఇంట్లో పోశావు కదే!" కుట్లు సలుపుతున్నా ఇన్షిరాహ్ నవ్వింది. "మా వైపు పోలికండీ," అంది. నిజమేననుకుంది కూడా. ఆమె పుట్టింది ఎగువ దేశం సయీద్‌లో, కెనాలో, నైలు ఎండలో కాలిన నేల మీద. తండ్రి బడిపంతులు. గోధుమరంగు మనిషి తను. తండ్రి కొంచెం ముదురు. బిడ్డ ఇంత నలుపేమిటని ఒక్క క్షణం అనిపించినా, పైకి అనలేదు. తర్వాత ఎవరేమన్నా అదే నవ్వు, అదే జవాబు. నిహాల్ ఊహ తెలిసిన దగ్గర్నుంచి తల్లి నోట అదే వింటూ పెరిగింది. ఇప్పుడు రోజూ పొద్దున్నా సాయంత్రం తెల్లబరిచే క్రీము రాసుకుంటుంది. బుగ్గలు మంటలెత్తి తోలు ఊడినా మానదు.

షౌకత్ ఆ పని భార్యకు చెప్పడానికి కారణం ఉంది. పెళ్ళికి ముందు ఆమె ఆ భవనంలోనే పనిచేసింది. నైలు ఒడ్డున బూలాక్‌లో, పాత రిజిస్టర్లు చదివే ఉద్యోగం. నూట యాభై ఏళ్ళ కిందట పాషా ప్రభుత్వం దేశంలో ఇంటింటికీ మనుషుల్ని పంపి జనాభా లెక్క తీయించింది. ఏ సందు, ఏ ఇల్లు, ఇంటి పెద్ద ఎవరు, ఏ ఊరివాడు, ఏం చేస్తాడు, భార్యలెవరు, పిల్లలెవరు, నౌకర్లెవరు, అన్నీ రాశారు. రాసినవాళ్ళ దస్తూరీ మాత్రం కోడి గెలికినట్టుంటుంది. చుక్కలుండవు, ఒక మాట ఇంకో మాట మీద వాలి ఉంటుంది. ఇన్షిరాహ్‌కు ఆ రాత అబ్బింది. పేజీ తిప్పగానే రాసినవాడు హడావిడిలో ఉన్నాడో తాపీగా ఉన్నాడో కూడా తెలిసేది ఆమెకు. నిశ్చితార్థమయ్యాక హగ్గా దౌలత్ ఒక్క మాటతో తేల్చేసింది: "మా కోడలు మగాళ్ళ మధ్య కూర్చుని దుమ్ము కాగితాలు దులుపుతుందా?" ఆమె రాజీనామా పత్రం కూడా షౌకతే రాసుకొచ్చాడు. సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

అన్నేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కింది. చదువుల గది ఇప్పుడు ఆమె కాలేజీ స్నేహితురాలు ఎస్మత్ చేతిలో ఉంది. ఎస్మత్ పెళ్ళి రెండేళ్ళకే పెటాకులైంది. ఉద్యోగం మాత్రం నిలబడింది. ఆమె ఇన్షిరాహ్‌ను చూసి కుర్చీలోంచి లేచి కావలించుకుని, "బతికే ఉన్నావుటే! నీకు అంత్యక్రియలు ఎప్పుడు చేశారో కబురైనా రాలేదని అనుకుంటున్నా," అంది. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఎస్మత్ ఆమె చేతుల్ని చూసింది. వెల్లుల్లి వాసన, పగిలిన గోళ్ళు. రిజిస్టర్ తెప్పించింది.

ఖుర్షీద్ అగా ఉండేవాడని ఇంట్లో చెప్పుకునే దర్బ్ అల్-గమామీజ్ వీధి ఇళ్ళు చదువుతూ పోవడానికి చాలా రోజులు పట్టింది. పొద్దున్నే వంట చేసి, అత్తగారికి స్నానం చేయించి, మధ్యాహ్నానికి పనిమనిషిని కూర్చోబెట్టి బస్సెక్కేది. సాయంత్రానికి మళ్ళీ పొయ్యి దగ్గరుండేది. మొదట్లో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. నాలుగో రోజుకో అయిదో రోజుకో అవి విడివిడిగా లేచి నిలబడ్డాయి. ఆ వేళ ఆమెకు తెలియకుండానే కళ్ళు తడిసాయి. ఎవరి కోసం వచ్చిందో, ఎవరి గోడ కోసమో, అదంతా ఎక్కడో ఉండిపోయింది. ఒక పని తనకు చేతనవును. అంతే. ఇంట్లో కూడా ఆమెకు ఎన్నో పనులు చేతనవును గానీ, అక్కడ అవి కనపడాలంటే ఒక పూట మానెయ్యాలి.

ఖుర్షీద్ అగా ఇల్లు దొరికింది. వీధి మలుపులో, మసీదు పక్కన. ఇంటి పెద్ద ఖుర్షీద్ అగా, అనటోలియా నుంచి వచ్చినవాడు, వయసు యాభై అయిదు. భార్య గుల్‌ఫిదాన్ ఖాతూన్, చెర్కెస్ దేశస్థురాలు, నలభై. పిల్లలు లేరు. అక్కడ ఇన్షిరాహ్ వేలు ఆగింది. పిల్లలు లేకపోతే వీళ్ళంతా ఎక్కడ్నుంచి వచ్చారు? కింద వంటవాడు, గుర్రాలవాడు, కాపలావాడు. అందరికంటే చివర, కాగితం అంచున, ఇరికించి రాసిన మాటలు: నల్ల బానిస, పేరు జాఫరాన్, సెన్నార్ నుంచి, వయసు పదిహేను. దాని పక్కనే: ఆమె కొడుకు సలీమ్, ఏడాదివాడు, తండ్రి ఖుర్షీద్ అగా.

సలీమ్. షౌకత్ తాతకు తండ్రి. "సలీమ్ బే" అని పండగలప్పుడు తలుచుకునేది ఆయన్నే.

జాఫరాన్ అంటే కుంకుమపువ్వు. కొన్న పిల్లలకు అలాంటి పేర్లే పెట్టేవాళ్ళు, పువ్వులవీ ముత్యాలవీ. తల్లి పెట్టిన పేరు ఏమిటో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పదిహేనేళ్ళకు ఏడాది బిడ్డ. అంటే పద్నాలుగు, అంతకు ముందు పదమూడు... ఇన్షిరాహ్ లెక్క ఆపేసింది. పేజీ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఎస్మత్ వచ్చి భుజం మీదుగా చూసి, "ఆ వీధి ఇళ్ళన్నిటిలో ఉన్నారే వీళ్ళు. లేనట్టు మనమే నటిస్తాం," అంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్తగారు పక్క తడిపేసుకుని ఉంది. ఇన్షిరాహ్ ఆవిణ్ణి ఎత్తి స్నానాలగదిలో పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్ళు వీపు మీద పోస్తోంది. కుంగిపోయిన చిన్న వీపు. చెప్పాలని అనుకోలేదు. నోరే చెప్పేసింది.

"అత్తయ్యా, దొరికింది ఇల్లు. అగాగారికి పెళ్ళాం వల్ల పిల్లల్లేరు. వంశమంతా ఒక బానిస పిల్ల కడుపున..."

"జాఫరాన్," అంది హగ్గా దౌలత్.

ఇన్షిరాహ్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. తను ఇంకా ఆ పేరు చెప్పలేదు.

"నీళ్ళు పొయ్యవే, చలేస్తోంది," అంది ముసలావిడ. తర్వాత, గోడకు చెబుతున్నట్టు, "నాకు మా అత్తగారు చెప్పింది. తొలి కాన్పు నొప్పులు పడుతుంటే చెవిలో చెప్పింది. బిడ్డ నల్లగా వస్తే నోరు మూసుకో, మీ వైపు పోలికని ఒప్పుకో, అని. ఆవిడకు వాళ్ళత్త చెప్పిందట. ఈ ఇంటికొచ్చిన ప్రతి కోడలికీ అలాగే అప్పజెప్పారు, తాళంచెవులతోపాటు."

"నాకు చెప్పలేదు మీరు."

"నువ్వు చదువుకున్నదానివి. ఎదురు మాట్లాడతావనుకున్నా. చెప్పక్కర్లేకుండానే ఒప్పుకున్నావు కదా, ఇంకెందుకు చెప్పడం?"

నీళ్ళు చల్లబడుతున్నాయి. ఇన్షిరాహ్ తువ్వాలు కప్పింది. హగ్గా దౌలత్ ఆ తువ్వాలు కొంగు పట్టుకుని, మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "నేనూ సయీద్ దాన్నే, ఎస్నా పిల్లను. ఈ ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలీదిప్పుడు. యాస మార్చుకున్నా, పౌడరు రాసుకున్నా, కైరో దాన్నే అన్నా. నీ మొగుడికి సంబంధాలు రాక కాదే, వెన్నముద్దల్లాంటి పిల్లలొచ్చారు. పాలరంగు పిల్లను తెచ్చుకుంటే, రేపు నల్లబిడ్డ పుడితే ఆ నేరం ఎవరి మీద వెయ్యాలి? అందుకని సయీద్ పిల్ల కావాలన్నా. నిన్నందుకే తెచ్చుకున్నాం."

అంత మెల్లగా, అంత మామూలుగా అంది. ఉల్లిపాయలు ఏ సంతలో కొన్నదో చెప్పినట్టు.

ఇన్షిరాహ్ ఆవిడ ఒళ్ళు తుడిచింది, చొక్కా తొడిగింది, జుట్టు దువ్వి జడ అల్లింది. ఏ పనీ వదల్లేదు. చేతులు వాటి మానాన అవి చేసుకుపోతుంటే, లోపల ఇరవై నాలుగేళ్ళు ఒక్కొక్కటీ ఊడి పడుతున్నాయి. చూపులకొచ్చిన రోజు ఈవిడ తన చెయ్యి పట్టుకుని మోచేతి దాకా నిమిరి, "ఈ పిల్లే నచ్చింది నాకు," అని మురిసిపోయిన సంగతి. పంతులు కూతురికి ఇంత పెద్దింటి సంబంధమని కెనాలో తండ్రి పొంగిపోయి వీధి వీధికీ చెప్పుకున్న సంగతి. తన చదువో నెమ్మదితనమో చూసి చేసుకున్నారని ఇన్నాళ్ళూ ఎక్కడో చిన్న గర్వం ఉండేది. ఎన్ని మాటలు పడ్డా ఆ గర్వం ఒకటి అడుగున మిగిలి ఉండేది. ఇంటి ముందు దిష్టిబొమ్మను కూడా ఏరి ఏరే తెచ్చుకుంటారని ఇప్పుడు తెలిసింది.

"ఆయనకు తెలుసా?" అంది చివరికి.

"మగాళ్ళకు చెప్పం. వాళ్ళకు తాతలుంటే చాలు," అంది హగ్గా దౌలత్, కళ్ళు మూసుకుంటూ.

షౌకత్‌కు ఇన్షిరాహ్ మర్నాడు చెప్పింది, భోజనమయ్యాక. రాసుకొచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. ఆశ్చర్యపోలేదు, బాధపడలేదు, తలుపు వైపు చూశాడు. "ఇది ఎవరికైనా చూపించావా?"

"అక్కడ ఎవరైనా చూడచ్చు. రిజిస్టర్ అందరిదీ."

"ఎవరు చూస్తారు? ఆ గీతలు చదివేవాళ్ళు దేశం మొత్తం మీద గుప్పెడు మంది." కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సలీమ్ బే తల్లి గుల్‌ఫిదాన్ ఖాతూన్ అని రాయి. పెంచింది ఆవిడేగా. అబద్ధమేం కాదు."

"నేను రాయను."

ఆయన కోపం తెచ్చుకోలేదు. వింతగా చూశాడు, కుళాయి మాట్లాడినట్టు. "ఇన్షిరాహ్, నీ కూతురి పెళ్ళే ఇది. నాది కాదు."

"కూతురి పెళ్ళి కాబట్టే."

"సరే. రాసేవాళ్ళు కరువా?" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వారంలో ఒక దస్తూరీ పనివాడిచేత బంగారు సిరాతో రాయించాడు. చెట్టు మొదట్లో ఖుర్షీద్ అగా, పక్కన గుల్‌ఫిదాన్ ఖాతూన్. ఆ కొమ్మల్లో ఎక్కడా ఇంకో ఆడపేరు లేదు. నిహాల్ పేరు కూడా లేదు. "ఆడపిల్లలు ఇంకో చెట్టుకు వెళ్ళిపోతారు కదండీ," అని నవ్వాడట రాసినవాడు.

కూతురికి చెప్పాలా వద్దా అని ఇన్షిరాహ్ చాలా నలిగింది. చెప్పకపోతే తను అత్తగారే అవుతుంది, నొప్పుల వేళ చెవిలో ఊదే ఇంకో ముసలిది. చెబితే పెళ్ళి ముంగిట పిల్ల గుండె మీద రాయి పెట్టినట్టు. ఒక మధ్యాహ్నం నిహాల్ అద్దం ముందు క్రీము రాసుకుంటుంటే వెనక మంచం మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. నిహాల్ వేళ్ళు బుగ్గ మీదే ఆగిపోయాయి.

"ఇప్పుడెందుకు చెప్తున్నావమ్మా ఇది?"

"నీ రంగు నా తప్పు కాదని. నీ తప్పూ కాదని."

"తప్పని నేనెప్పుడన్నాను? మీరే అన్నారు. నువ్వే నవ్వావు, మా వైపు పోలికండీ అని. నేను పుట్టినప్పట్నుంచి నువ్వు అందరికీ క్షమాపణ చెప్తూనే ఉన్నావు." వేళ్ళకంటిన క్రీము తుడుచుకుంది పిల్ల. తర్వాత అద్దంలోంచే అడిగింది: "ఆవిడకు ఎన్నేళ్ళు?"

"పదిహేను."

"ఆ ముసలాడికి?"

ఇన్షిరాహ్ దుప్పటి మడత సరిచేసింది. నిహాల్ క్రీము డబ్బా మూత బిగించి, "అమ్మా, నాకు హైసమ్ కావాలి. ఈ పెళ్ళి ఆగకూడదు. నువ్వు ఎవరి దగ్గరా ఏమీ అనవద్దు. నాకు మాటివ్వు," అంది. ఇన్షిరాహ్ మాటిచ్చింది. ఈ ఇంట్లో ఆమె చాలా మాటలు మింగింది. ఇదొక్కటే ఇష్టపడి మింగింది.

సెప్టెంబరు మొదట్లో ఫాతిహా చదివారు. హాలునిండా జనం. గులాబీ షర్బత్, తియ్యటి బిస్కెట్లు, బాదం పెట్టిన మిఠాయిలు. గోడ మీద బంగారు చెట్టు. షౌకత్ హైసమ్ తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. "రెండు నెలలు పాత లెక్కల్లో తలమునకలయ్యాననుకోండి. చదవడం మహా కష్టం, కళ్ళు పోతాయి," అన్నాడు. ఇన్షిరాహ్ పళ్ళెం పట్టుకుని వెనకే నిలబడి ఉంది. షర్బత్ ఒలకలేదు.

షహీరా హానిమ్ చెట్టును చూసి, గుల్‌ఫిదాన్ పేరు చదివి, "చెర్కెస్ ఆవిడా! అబ్బో, పాలమీగడలాంటివాళ్ళు," అని మెచ్చుకుంది. తర్వాత కాబోయే కోడలి గడ్డం పట్టుకుని లేపింది. "మరి మా బంగారుతల్లికి ఈ కాఫీ రంగు ఎవరు పోశారమ్మా?"

"వాళ్ళమ్మ సయీదీ కదండీ!" అన్నాడు షౌకత్. అందరూ నవ్వారు. కళ్ళన్నీ ఇన్షిరాహ్ వైపు తిరిగి, ఆమె ఎప్పుడూ అనే మాట కోసం ఆగాయి. ఆమె అనలేదు. మాటిచ్చింది కనుక వేరేదీ అనలేదు. ఒక్క క్షణం హాలులో ఏదో ఖాళీ ఏర్పడింది. అప్పుడు ఆ ఖాళీని పూడుస్తూ నిహాల్ నవ్వింది. "అమ్మ వైపు పోలికండీ," అంది, తల వంచి, మెడ కొంచెం పక్కకు తిప్పి.

అది ఇన్షిరాహ్ నవ్వే. ఆ మెడ తిప్పడం, చివర్లో ఊపిరి లోపలికి లాక్కోవడం, అన్నీ తనవే. వంటా కుట్టుపనీ నేర్పినట్టు ఏనాడూ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా పిల్ల పొల్లు పోకుండా నేర్చుకుంది. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని ఫాతిహా చదువుతుంటే ఇన్షిరాహ్ కళ్ళు తెరిచే ఉంచింది.

ఆ తర్వాత కూడా ఆమె బూలాక్ వెళ్ళడం మానలేదు. "పని అయిపోయిందిగా, ఇంకా దేనికి?" అన్నాడు షౌకత్. "నా పని అవలేదు," అంది. ఆయనకు అర్థం కాలేదు. పెళ్ళి హడావిడిలో తరిచి అడగలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత తీసిన రెండో లెక్క ఉంది. అందులో దర్బ్ అల్-గమామీజ్ ఇంటికి పెద్ద సలీమ్. తల్లి అన్నచోట గుల్‌ఫిదాన్. అగా పోయాడు. జాఫరాన్ లేదు. చచ్చిపోయిందనుకుని మూసెయ్యచ్చు. కానీ యజమాని బిడ్డను కన్న బానిసకు, ఆయన పోయిన రోజున విడుదల. విడుదలైన మనిషి ఎక్కడికో వెళ్ళాలి కదా. ఎక్కడికి? ఎవరూ అడగని, ఎవరి గోడకూ అక్కర్లేని ఆ ప్రశ్న పట్టుకుని ఇన్షిరాహ్ పేట తర్వాత పేట చదివింది. అలాంటి ఆడవాళ్ళు ఎందరో తగిలారు, ఫలానావారి విముక్తురాలు అని ఒక్క ముక్క. బతికున్నవాళ్ళకు కూడా చచ్చిన యజమాని పేరే ఇంటిపేరు.

రంజాన్‌కు ముందు, బూలాక్ రిజిస్టర్లో, చదువుతూ చదువుతూ దాటిపోయి వెనక్కి వచ్చింది. జాఫరాన్, దివంగత ఖుర్షీద్ అగా విముక్తురాలు, సెన్నార్, ముప్పై అయిదు, బట్టలుతికే పని. ఆ గదిలో ఇంకో ఇద్దరు విముక్తురాళ్ళు. ఒక ముసలిది, ఒక గుడ్డిది. ఇంటి పెద్ద అన్నచోట రాసింది జాఫరాన్‌ను. కొడుకు ఉన్నట్టు ఎక్కడా లేదు. దర్బ్ అల్-గమామీజ్‌కు బూలాక్ నుంచి నడిచి వెళ్ళి రావచ్చు. ఎప్పుడైనా వెళ్ళిందా? వీధి చివర నిలబడి, గుర్రమెక్కి వచ్చే సలీమ్ బేను చూసిందా? ఆ ఇంటి బట్టలే మూటగట్టి ఉతకడానికి తెచ్చుకుందేమో, వాటిలో కొడుకు చొక్కా ఏదో పోల్చుకుందేమో. కాగితం అంతకు మించి చెప్పదు. ఇన్షిరాహ్ అక్కడే, అందరి ముందూ, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఎస్మత్ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"చదివేవాళ్ళు లేరే మాకు," అంది చాలాసేపటికి. "ఈ లెక్కలన్నీ తిరగరాసి పెట్టే పని మొదలైంది. రోజూ వస్తావా? ఉద్యోగమే, ముష్టి కాదు. రోద్ అల్-ఫరగ్‌లో మా అమ్మ ఉండిన వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది, అదీ చెప్తున్నా. తర్వాత చెప్పలేదనకు."

ఇన్షిరాహ్ కళ్ళు తుడుచుకుంది. అత్తగారి మందుల వేళ అయిందని లేచి వచ్చేసింది.

హగ్గా దౌలత్ రంజాన్ చివరి వారంలో పోయింది. ఆఖరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు. ఒకసారి కళ్ళు తెరిచి ఎస్నా యాసలో, చిన్నపిల్లలా, "అమ్మా, పడవ వచ్చిందా?" అంది. ఇన్షిరాహ్ కూడా తన కెనా యాసలోనే, "వచ్చింది, ఎక్కు," అంది. ఆవిణ్ణి కడిగింది, కఫన్ గుడ్డ చుట్టింది ఆమే. ద్వేషించాలని చూసింది గానీ చేతకాలేదు. ఎస్నా నుంచి వచ్చిన ఆ పిల్లను కూడా ఎవరో ఏరుకునే తెచ్చి ఉంటారు. పేపర్లో వేయించిన మరణవార్తలో, ఖుర్షీద్ అగా వంశపు కోడలు, ఇంజినీరు షౌకత్ తల్లి అని వచ్చింది. పుట్టిన ఊరు లేదు.

పండగ వెళ్ళాక నిహాల్ పెళ్ళయింది. కారెక్కే ముందు తల్లిని గట్టిగా వాటేసుకుని, చెవిలో, "ఆవిడ తర్వాత ఏమైందమ్మా?" అని అడిగింది. ఇన్షిరాహ్ చెప్పింది, రెండే ముక్కల్లో. నిహాల్ కారెక్కింది. కారు అద్దంలోంచి చాలా దూరం దాకా వెనక్కి చూస్తూనే ఉంది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇద్దరికి వంట. షౌకత్ పేపరు చదువుకుంటూ, "ఇంక నీకు బొత్తిగా పనే లేదు," అన్నాడొకసారి, సానుభూతిగానే.

నవంబరులో ఒక సాయంత్రం తలుపు కొట్టారు. ఆ ఏడు దేశంలో మళ్ళీ జనాభా లెక్క. వచ్చినావిడ నడివయసు బడి టీచరు, భుజాన బరువైన సంచీ, నాలుగంతస్తుల మెట్లెక్కి రొప్పుతోంది. షౌకత్ మర్యాదగా సోఫాలో కూర్చోబెట్టి, టీ తెమ్మని లోపలికి కేకేశాడు. ఇన్షిరాహ్ టీ కాచి తెచ్చేసరికి లెక్క సగమైంది. ఆయన ఒక్కోటీ చెబుతుంటే ఆవిడ రాసుకుంటోంది. ఇంటి పెద్ద. పేరు. చదువు. ఉద్యోగం.

"భార్య?"

"ఇన్షిరాహ్ అబ్దుల్‌మౌగూద్. నలభై ఏడు."

"ఆవిడేం చేస్తారు?"

"ఏమీ చెయ్యదు. ఇంట్లోనే ఉంటుంది."

టీచరు తల ఊపి, రాయకముందే ఒకసారి ఇన్షిరాహ్ వైపు చూసింది. అలవాటుకొద్దీ చూసిన చూపు. ఇవాళ ఎన్ని ఇళ్ళలో చూసిందో. ఇన్షిరాహ్ గ్లాసు ఆవిడ చేతికి అందించింది. చక్కెర వెయ్యనా అని అడిగింది, రెండు చెంచాలు వేసి కలిపింది.

"అయితే ఈ ఇంట్లో ఉండేది మొత్తం ఎంతమంది?" అంది టీచరు.

"ఇద్దరం," అన్నాడు షౌకత్.

"ఒక్కరు," అంది ఇన్షిరాహ్.

షౌకత్ నవ్వాడు. "అమ్మాయి పెళ్ళైన దగ్గర్నుంచి ఇలాగే ఉంది. ఇద్దరని వేసుకోండి."

టీచరు కలం పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసింది. "నన్ను ఈ ఇంటి కింద రాయకండి," అంది ఇన్షిరాహ్. షౌకత్ నవ్వు మొహం మీద నుంచి ఇంకా పూర్తిగా పోలేదు, ఏదో వినపడనట్టు తల ముందుకు వంచాడు.

"మరి నిన్నెక్కడ రాయాలమ్మా?" అంది టీచరు మెల్లగా. "ఎక్కడో ఒకచోట రాయాలి కదా."

"రోద్ అల్-ఫరగ్‌లో, మా స్నేహితురాలి వాటాలో. ఆ వీధికి మీవాళ్ళు వచ్చేసరికి నేనక్కడ ఉంటాను."